కన్ను తెరమీదే ఉంది

పెద్దలందరికీ నమస్కారం. నాకిచ్చింది పది నిమిషాలు కాబట్టి పేరుపేరునా చెప్పడం లేదు, మన్నించాలి. వెనక నిలబడ్డ పీజీ పిల్లలు రండి, ఎడంవైపు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఈ మాటలు మీకోసమే.

ఐ ట్రాకర్ కంటి మీదికి పరారుణ కాంతి వేస్తుంది. కంటి ముందుపొర కార్నియా మీద మెరిసే చుక్కకీ కంటిపాప నడిమధ్యకీ ఉన్న ఎడాన్ని కొలిచి, చూపు ఎక్కడ నిలిచిందో చెబుతుంది. లాపరోస్కోపీలో, అంటే చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి తెర మీద చూస్తూ చేసే ఆపరేషన్లో, కొత్తవాళ్ల చూపు పనిముట్టు కొన వెంటే తిరుగుతుంది. చెయ్యి తిరిగిన సర్జన్ చూపు ముందుగా వెళ్లి కోయాల్సిన చోట ఆగుతుంది, పనిముట్టు తర్వాత వస్తుంది. 2004లో లా, అట్కిన్స్ అనే పరిశోధకుల బృందం సిమ్యులేటర్ మీద ఈ తేడా చూపించింది. నేర్పడానికి ఎంత మంచి సాధనం! మా రోజుల్లో "చూపెక్కడుందిరా?" అని ఫోర్సెప్స్‌తో వేళ్ల మీద కొట్టేవారే గానీ, ఎక్కడ చూడాలో చెప్పిన నాథుడు లేడు.

ఇప్పుడు దీంతో పీజీ పిల్లలకి మార్కులు వేద్దామంటున్నారు పరీక్షల పెద్దలు. నేను ఒప్పుకోను.

పీజీ రెండో ఏడు. ముప్ఫై గంటల డ్యూటీ మీద గాల్ బ్లాడర్ కేసులో కెమెరా పట్టుకున్నాను. సార్ పనిముట్టు మార్చుకోడానికి తల తిప్పారు. తెర మీద లివర్ అంచు, దాని కింద పచ్చటి కొవ్వు. సన్నటి ఎర్ర చార ఒకటి మొదలై, కొవ్వు మీదుగా జారి, మడుగు కట్టింది. నా కళ్లముందే. చూస్తూనే ఉన్నాను, నాకు కనబడలేదు. "సార్, రక్తం" అన్నది స్క్రబ్ సిస్టర్. వెంటనే క్లిప్ పడింది, పేషెంటు క్షేమంగా ఇంటికెళ్లింది. ఆ రోజు నాకు ట్రాకర్ పెట్టి ఉంటే? కన్ను తెరమీదే ఉంది. నూటికి నూరు వేసేవారు.

ఎక్కడ చూడాలన్న గొడవ మన హైదరాబాదుకి పాతదే. ఆపరేషన్‌కి మత్తిచ్చే క్లోరోఫామ్ ఎలా ప్రాణం తీస్తుందో తేల్చడానికి 1888, 1889లో ఇక్కడ రెండు కమిషన్లు కూర్చున్నాయి. వాటిని నడిపించిన డాక్టరు ఎడ్వర్డ్ లారీ గారిది ఒకటే పట్టు: మత్తిచ్చేటప్పుడు నాడి కాదు, ఊపిరి చూడండి. ఊపిరి చూడాల్సిందే. కానీ క్లోరోఫామ్ తేలిక మత్తులో గుండె హఠాత్తుగా ఆగిపోవచ్చని 1911లో లెవీ అనే డాక్టరు పిల్లుల మీద చూపించాడు. చూడాల్సిన చోటు మనమే తప్పు రాసిపెడితే, యంత్రం ఆ తప్పుకే మార్కులు వేస్తుంది కదా!

పరీక్షల పెద్దలు ముందు వరసలోనే ఉన్నారు. అయ్యా, ఆ రికార్డింగు పిల్లలకే ఇవ్వండి, పక్కన కూర్చుని చూపించండి. లేదు, మార్కుల పట్టీలోకి ఎక్కించాల్సిందే అంటారా, అందులో ఇంకో గడి గీయండి: నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయావు?