ఎండాకాలంలో ఆవు ఎందుకు పొర్లుతుంది? ఏడు రోజుల పిండం సంగతి

[మధ్యాహ్నం రెండు గంటలు. రేకుల షెడ్డు. జెర్సీ ఆవు నోరు తెరిచి రొప్పుతోంది, సొంగ కారుతోంది.]

నమస్కారం. మే నెలలో ఆవు ఎదకొచ్చింది, చూలు కట్టే సూది వేయించారు. మూడు వారాలకు పొర్లింది, అంటే చూలు నిలవక మళ్లీ ఎదకొచ్చింది. సూది వేసినాయనను తిట్టుకుంటాం, వీర్యం మంచిది కాదంటాం. కానీ చాలాసార్లు దెబ్బ కొట్టేది ఎండే.

[థర్మామీటర్ దగ్గరగా: 40 డిగ్రీలు.]

ఆవు ఒంటి వేడి మామూలుగా 38.5. నలభైకి చేరినా ఆవు ఎలాగో ఓర్చుకుంటుంది, కడుపులో అప్పుడే పడిన పిండం ఓర్చుకోలేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో పీటర్ హాన్సెన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 1993లో ఈ విషయం చూపించారు. ఎదకొచ్చాక మొదటి రోజున ఎండ తగిలిన ఆవుల్లో పిండాలు దెబ్బతిన్నాయి. మూడో రోజు, ఐదో రోజు తగిలితే అంత నష్టం లేదు.

మరి ఆ గండపు రోజులు కడుపు బయటే గడిస్తే?

[ల్యాబ్. ఇంక్యుబేటర్ తలుపు తెరుచుకుంటుంది.]

స్కానింగ్‌లో చూస్తూ సన్నని సూదితో అండాలు తీస్తారు. ఒక రోజు పక్వానికి రానిచ్చి, వీర్యంతో కలిపి, 38.5 డిగ్రీల దగ్గర పెంచుతారు. ఏడో రోజుకి, వారం కిందట ఎదకొచ్చిన మరో ఆవు గర్భంలో పెడతారు.

అయితే అండానికీ ఎండ దెబ్బ తగులుతుంది. అండం వారాల తరబడి పెరుగుతుంది కాబట్టి, ఎండలు తగ్గాక కూడా హోల్‌స్టీన్ అనే విదేశీ పాల జాతి ఆవులు వెంటనే కోలుకోవు. చలికాలంలోనే పిండాలు తయారుచేసి గడ్డకట్టించి దాచొచ్చు, కానీ ల్యాబ్ పిండాలు గడ్డకట్టి కరిగేసరికి కొంత బలం పోగొట్టుకుంటాయి.

[బ్రెజిల్ పచ్చిక. తెల్లని మూపురాల మంద.]

వీటిని నెలోర్ అంటారు. పేరు మన నెల్లూరుదే! ఓడలెక్కి వెళ్లిన ఒంగోలు జాతి సంతానం. ల్యాబులో 41 డిగ్రీల వేడి పెట్టి చూస్తే, హోల్‌స్టీన్ పిండాలకంటే నెలోర్ పిండాలు బాగా నిలబడ్డాయి. ఒకసారి తీస్తే అండాలూ ఎక్కువే వస్తాయి. ఎండను ఓర్చుకునే గుణం మూపురంలో, గంగడోలులోనే కాదు, కంటికి కనిపించని పిండంలోనూ ఉందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

[వేపచెట్టు కింద ఆవు.]

ల్యాబ్ పిండం ఖర్చుతో కూడిన పని. ఈ వేసవికి మాత్రం సూది వేయించాక మూడు రోజులు ఆవుని రేకుల కింద కట్టకండి. చెట్టు నీడన కట్టి, మధ్యాహ్నం రెండు మూడుసార్లు ఒంటి మీద నీళ్లు పోయండి. తాగడానికి చల్లటి నీళ్లు తొట్టి నిండా ఉంచండి.