రొద్దం నరసింహ: గాలి లెక్కలు, మబ్బు లెక్కలు

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో మురుగేశ్‌పాళ్యం వైపు తిరిగేవాళ్లకు విండ్ టన్నెల్ రోడ్డు తెలిసే ఉంటుంది. విమానాల నమూనాలను నిలబెట్టి, వాటి మీదికి గాలిని తోలి పరీక్షించే సొరంగాలు ఆ పక్కన నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్‌లో ఉన్నాయి. 1984 నుంచి 1993 దాకా ఆ సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన రొద్దం నరసింహ గారి గురించి ఈ పూట నాలుగు మాటలు.

రొద్దం అనగానే అనంతపురం వైపు శ్రోతలకు పెనుకొండ దగ్గరి ఊరు గుర్తుకొస్తుంది. ఆయన పుట్టింది మాత్రం బెంగళూరులోనే, 1933లో. తండ్రి సెంట్రల్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు, కన్నడంలో సైన్సు రచనలు చేసేవారు. కొడుకు ఇక్కడే ఇంజనీరింగ్ చదివి, టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సతీష్ ధావన్ గారికి శిష్యుడయ్యారు. 1961లో అమెరికాలోని కాల్‌టెక్‌లో డాక్టరేటు పుచ్చుకుని మళ్లీ ఈ ఊరికే వచ్చారు. 2020 డిసెంబర్ 14న ఇక్కడే కన్నుమూశారు. పద్మవిభూషణ్, రాయల్ సొసైటీ సభ్యత్వం... ఆ జాబితా చదువుతూ కూర్చుంటే మనకిచ్చిన సమయం దానికే సరిపోతుంది.

ఆయన్ని జీవితమంతా వదలని ప్రశ్న ఒకటుంది. సాఫీగా సాగే గాలి ఎక్కడ, ఎలా అల్లకల్లోలమవుతుంది? అగరొత్తి పొగ చూడండి. కొంత ఎత్తు దాకా దారంలా లేచి, ఉన్నట్టుండి మెలికలు తిరుగుతుంది. విమానం రెక్క మీద ఆ మార్పు ఒక్కసారిగా రాదు. అక్కడక్కడా మచ్చల్లా మొదలై, అవి పెరిగి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఆ మచ్చలకు 1957లోనే లెక్క కట్టారు నరసింహ గారు. అప్పటికి పాతికేళ్లు నిండలేదు.

నాకు ఇంకా ఇష్టమైన సంగతి విమానాలది కాదు, చలిది. మబ్బులేని, గాలి కదలని రాత్రి అన్నిటికన్నా చల్లని గాలి నేలనంటి ఉంటుందనుకుంటాం. కాదు, జానెడో మూరెడో పైన ఉంటుందని 1932లో వాతావరణ శాస్త్రవేత్త ఎల్.ఏ. రాందాస్ కొలిచి చెబితే చాలాకాలం నిపుణులే నమ్మలేదు. 1993లో నరసింహ గారి బృందం దానికొక సిద్ధాంతం చెప్పింది. తర్వాత జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ అనే పరిశోధన సంస్థలో ఆయన సహచరులే ప్రయోగాలు చేసి, గాలిలో తేలే సన్నటి ధూళికణాల పాత్ర అందులో పెద్దదని చూపించారు. అంటే పాత సిద్ధాంతాన్ని దిద్దినవాళ్లు బయటివాళ్లు కారు. అది మంచి ప్రయోగశాల లక్షణమని నేననుకుంటాను.

ఆయన మబ్బుల వెంట కూడా పడ్డారు. ఆకాశంలోని మబ్బు చేతికి చిక్కదు కదా! అందుకని ఆయనా, సహచరులూ నీళ్ల తొట్టిలోనే మబ్బుని తయారుచేశారు. అడుగునుంచి నీటి ధార పైకి లేస్తుంటే, తీగల వలల మధ్య విద్యుత్తు పంపి దాన్ని దారిలోనే వేడిచేశారు. నిజం మబ్బులో ఆవిరి నీటి బొట్లుగా మారేటప్పుడు విడుదలయ్యే వేడికి ఇది బదులన్నమాట. మామూలు ధార పైకి పోయేకొద్దీ గరాటులా వెడల్పవుతుంది. లోపల వేడి పుట్టిన ధార అలా విచ్చుకోలేదు, మన వానాకాలపు మబ్బుల్లాగే గోపురంలా నిలువునా పెరిగింది. ఆ ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. అప్పటికి నరసింహ గారి వయసు 78.