అరుదైన ఇంగ్లిష్ మాటలకు నా మార్కులు: పందికొక్కుకి పదికి పది!

నమస్తే అండి. ఈసారి రివ్యూ ఫోన్లది కాదు, మాటలది. ఇంగ్లిష్‌లో అరుదుగా వినిపించే ఐదు మాటలు తీసుకుని ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు వేస్తాను. పలికితే ఎంత గొప్పగా ఉంటుందన్నది నేను చూడను. పుట్టుక తెలిశాక ఆ మాట అర్థం బుర్రలో నిలుస్తుందా, నాకు కావాల్సింది అదొక్కటే. అర్థాలు బట్టీపట్టి వారం తిరక్కుండా మర్చిపోయిన మాటలు నా దగ్గర ఒక నోటుబుక్ నిండా ఉన్నాయి మరి.

మొదటిది పెట్రికోర్. ఎండిన నేల మీద వాన పడగానే లేచే వాసన. 1964లో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో ఈ పేరు పెట్టారు. గ్రీకులో పెట్రా అంటే రాయి. ఇకోర్ అంటే దేవతల ఒంట్లో రక్తానికి బదులు పారే ద్రవం. ఊహ బాగుంది. కానీ మట్టివాసన అనే చక్కటి మాట ఉన్నవాళ్లం, మనకి ఇదేమంత అవసరం? 5 మార్కులు.

రెండోది సెరెండిపిటీ. ఇది కాస్త తెలిసిన మాటే, కానీ దీని కథ సగమే తిరుగుతోంది. వెతకనిది అనుకోకుండా దొరకడం అని చెప్పేసి వదిలేస్తారు. 1754 జనవరి 28న హొరేస్ వాల్పోల్ అనే ఇంగ్లిష్ రచయిత తన మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఈ మాటను తయారుచేశాడు. సెరెండిప్ రాజకుమారుల కథ నుంచి తీసుకున్నానని అందులోనే చెప్పాడు. ఆ రాకుమారులు దారిన పోతూ, ఇటుగా ఒక కంచరగాడిద వెళ్లింది, దానికి కుడికన్ను లేదు అని కనిపెట్టేస్తారు. ఎలా? ఎడమవైపు గడ్డి నాసిగా ఉన్నా అదే మేసింది, కుడివైపు మంచి గడ్డి ముట్టలేదు.

ఇందులో అదృష్టం ఎక్కడుందండీ? ఉన్నదంతా చూపు. వాల్పోల్ కూడా అనుకోకుండా ఎదురవడం, తెలివిగా పట్టుకోవడం, రెండూ కలిస్తేనే ఆ మాట అన్నాడు. కాలం గడిచేకొద్దీ తెలివి జారిపోయి అదృష్టం మిగిలింది. ఇంకో సంగతి. సెరెండిప్ అంటే శ్రీలంకకి పాతపేరు. సింహళద్వీపం అనే సంస్కృతం మాట అరబ్బుల నోట సరందీబ్ అయింది. ఇప్పుడు స్క్రీన్ మీద చూడండి, సెరెండిపిటీలో మధ్యనున్న 'డిప్' చుట్టూ గీత గీశాను. అది మన ద్వీపమే! 8 మార్కులు. తెలివిని వదిలేసినందుకు 2 కోత.

మూడోది డిఫెనెస్ట్రేషన్. మనిషిని కిటికీలోంచి బయటికి విసిరేయడం. దీనికోసం ప్రత్యేకంగా ఒక మాటా అని నేనూ నవ్వుకున్నాను. లాటిన్‌లో ఫెనెస్ట్రా అంటే కిటికీ. 1618 మే 23న యూరప్‌లోని ప్రాగ్ నగరపు కోటలో ప్రొటెస్టెంట్ ప్రభువులు ఇద్దరు క్యాథలిక్ అధికారులనీ, వాళ్ల కార్యదర్శినీ పై అంతస్తు కిటికీలోంచి తోసేశారు. సుమారు 70 అడుగుల ఎత్తు. ముగ్గురూ బతికారు. మేరీమాత కాపాడిందని క్యాథలిక్కులు, పెంటకుప్ప మీద పడ్డారని ప్రొటెస్టెంట్లు! ఆ గొడవే ముప్పై ఏళ్ల యుద్ధానికి దారితీసింది. ఇందులో నాకు మరీ నచ్చింది కార్యదర్శి సంగతి. చక్రవర్తి తర్వాత ఆయనకి బిరుదు ఇచ్చాడు. ఆ బిరుదుకి అర్థం ఏంటో తెలుసా? 'ఎత్తునుంచి పడినవాడు'. 9 మార్కులు.

కిటికీ అన్నాం కాబట్టి ఒక్క మాట. విండో అనేది ఉత్తర యూరప్‌లోని పాత నార్స్ భాష నుంచి వచ్చింది, అర్థం 'గాలి కన్ను'. సంస్కృతంలో గవాక్షం అంటే 'ఆవు కన్ను'. ఎక్కడివాళ్లో ఎక్కడివాళ్లో, గోడకి కన్ను పెట్టారు చూశారా.

ఇలాంటివి విన్నప్పుడు ఒక జాగ్రత్త కూడా కావాలి. న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్ అని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. అబద్ధం. న్యూ అంటే కొత్త, న్యూస్ అంటే కొత్త సంగతులు, అంతే. కథ మరీ అతికినట్టు ఉంటే నాకు ముందు అనుమానమే వస్తుంది.

నాలుగోది బ్యాండికూట్. పెద్దగా చదవండి. బ్యాండి... కూట్. పంది... కొక్కు. అవునండీ, మన తెలుగు మాటే ఇంగ్లిష్‌లోకి ఎక్కింది. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో పొడుగు మూతి జంతువు ఒకటి కనబడితే దానికీ ఇదే పేరు తగిలించారు. అది ఎలుక జాతే కాదు, కంగారూలా పొట్టసంచిలో పిల్లల్ని పెంచేది. 1996లో దాని పేరుతో క్రాష్ బ్యాండికూట్ అనే వీడియో గేమ్ వచ్చింది. ప్రపంచమంతా పిల్లలు పందికొక్కుని గెంతించారు, తెలియకుండానే! పదికి పది. పక్షపాతం ఉంది, ఒప్పుకుంటున్నాను.

చివరిది నోరు తిరగనిది. అల్ట్రాక్రెపిడేరియన్. తనకి తెలియని విషయంలో తీర్పులిచ్చేవాడు. ప్లినీ అనే పాతకాలపు రోమన్ రచయిత చెప్పిన కథ ఇది. అపెల్లిస్ అనే గ్రీకు చిత్రకారుడి బొమ్మలో చెప్పు తప్పుగా ఉందని ఒక చెప్పులు కుట్టేవాడు అన్నాడు. ఆయన దిద్దాడు. మర్నాడు అతనే వచ్చి కాలు కూడా బాగోలేదన్నాడు. చెప్పు దాటి పైకి రాకు అన్నాడట అపెల్లిస్. లాటిన్‌లో క్రెపిడా అంటే చెప్పు. 1819లో హాజ్లిట్ అనే ఇంగ్లిష్ రచయిత ఈ మాటని విలియం గిఫర్డ్ అనే విమర్శకుడి మీద ప్రయోగించాడు. గిఫర్డ్ చిన్నప్పుడు చెప్పులు కుట్టే పనిలోనే శిక్షణకి ఉన్నాడు! దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తెలివైన తిట్టే, కానీ మనిషి చేసిన పనిని ఎత్తిపొడవడం నాకు నచ్చలేదు. 7 మార్కులు.

నేను భాషాశాస్త్రం చదవలేదు, అయినా ఐదు మాటలకి మార్కులేసేశాను. నన్నేమనాలో మీకిప్పుడు తెలుసు. కామెంట్లో పెట్టండి, స్పెల్లింగ్ తప్పులుండకూడదు సుమా.