అట్లాంటిస్ ఆఖరి ప్రయాణం: షటిల్‌ని ఆపిన తీరు గురించి

[దృశ్యం: ఫ్లోరిడా, కెనెడీ స్పేస్ సెంటర్, 39ఏ లాంచ్ ప్యాడ్. మబ్బు పట్టిన ఆకాశం.]

2011 జులై 8. మనుషుల్ని అంతరిక్షంలోకి తీసుకెళ్లి తిరిగొచ్చే, మళ్లీ మళ్లీ ఎగిరే అమెరికా వాహనం స్పేస్ షటిల్. వాటిలో ఒకటైన అట్లాంటిస్ పైకి లేవడానికి ఇంకా 31 సెకన్లు ఉందనగా కౌంట్‌డౌన్ ఆగిపోయింది. ఇంధన ట్యాంకు పైన టోపీలా కూర్చునే ఒక చేయి ఉంటుంది. అది పూర్తిగా వెనక్కి జరిగిందో లేదో తేలలేదు. కంట్రోల్ రూమ్‌లో వాళ్లు కెమెరా అటు తిప్పి, కళ్లారా చూసుకుని, రెండు నిమిషాల్లో గడియారాన్ని మళ్లీ నడిపించారు. అంత టెన్షన్‌లోనూ ఎవరూ తడబడలేదు.

అన్ని షటిళ్లవీ కలిపి అది 135వ యాత్ర. అదే ఆఖరిది కూడా. లోపల ఉన్నది నలుగురే: క్రిస్ ఫెర్గూసన్, డగ్ హర్లీ, శాండీ మాగ్నస్, రెక్స్ వాల్‌హైమ్. మామూలుగా ఆరేడుగురు వెళ్లేవారు. ఈసారి ఏదైనా జరిగితే వెళ్లి తీసుకురావడానికి ఇంకో షటిల్ లేదు. స్పేస్ స్టేషన్‌లో ఆగి, రష్యా వ్యోమనౌక సోయుజ్‌లోనే విడతలవారీగా దిగిరావాలి. అందుకే తక్కువమందిని పంపారు.

1981లో మొదలైన షటిల్‌ని ఎందుకు ఆపేశారు?

[దృశ్యం: కొలంబియా సిబ్బంది ఫొటో. కల్పనా చావ్లా.]

ఈ ఫొటో మనలో చాలామందికి గుర్తే. 2003 జనవరి 16న కొలంబియా అనే షటిల్ ఎగిరిన 82 సెకన్లకి ట్యాంకు మీది గట్టి నురుగు (ఫోమ్) పూత ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకి తగిలింది. బరువు కిలో కూడా లేదు. ఫిబ్రవరి 1న తిరిగొస్తుంటే రెక్కకి పడిన ఆ రంధ్రంలోంచి వేడి లోపలికి చొరబడింది. కల్పనతో సహా ఏడుగురూ మనకి దక్కలేదు. అంతకుముందు 1986లో చాలెంజర్ అనే ఇంకో షటిల్ 73 సెకన్లకే పేలిపోయి ఏడుగురిని పోగొట్టుకున్నాం.

అసలు లోపం షటిల్ నిర్మాణంలోనే ఉంది. మనుషులు కూర్చునే చిన్న గదిలాంటి క్యాప్సూల్ అయితే రాకెట్ కొసన కూర్చుంటుంది, పైనుంచి దానిమీద పడేదేమీ ఉండదు. షటిల్ ట్యాంకు పక్కన వేలాడుతుంది, ట్యాంకు మీంచి ఏది రాలినా దానికే తగులుతుంది. ఎగిరే సమయంలో ప్రమాదం వస్తే సిబ్బందిని లాక్కుని దూరంగా తీసుకుపోయే ఏర్పాటు కూడా లేదు. కొలంబియా తర్వాత, 2004లో, స్పేస్ స్టేషన్ కట్టడం పూర్తికాగానే షటిల్‌ని విరమిస్తామని అమెరికా ప్రకటించింది. నా ఉద్దేశంలో ఆ నిర్ణయం సరైనదే.

ఇంకో కారణం ఖర్చు. దాదాపు వారానికోసారి ఎగురుతుంది, చవకగా ఎగురుతుంది అని మొదట్లో ఊరించారు. ఎక్కువసార్లు ఎగిరిన ఏడాది 1985. అప్పుడు కూడా తొమ్మిదిసార్లే.

[దృశ్యం: షటిల్ పొట్ట కింద నల్ల పలకలు, దగ్గరగా.]

అనుకున్నన్నిసార్లు ఎందుకు ఎగరలేకపోయిందో ఈ పలకల్ని చూస్తే అర్థమవుతుంది. సిలికా పీచుతో చేసినవి, లోపల ఎక్కువ భాగం గాలే. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. ఒక్కో షటిల్‌కి 24 వేల దాకా ఉండేవి. ఎక్కడి పలక అక్కడికే సరిపోతుంది, అందుకే ప్రతిదానికీ సొంత నంబరు. తిరిగొచ్చేటప్పుడు 1,200 డిగ్రీలు దాటిన వేడిని తట్టుకునేవి గానీ నీటిని పీల్చుకునేవి. అందుకని యాత్ర ముగిసిన ప్రతిసారీ టెక్నీషియన్లు పలక పలకకీ నీరు అంటకుండా చేసే రసాయనం ఎక్కించేవాళ్లు, పగిలినవి తీసేసి కొత్తవి చేత్తో అతికించేవాళ్లు. చూపుతో, వేళ్లతో ఏళ్ల తరబడి నేర్చుకున్న పని అది.

2011 జులై 21 తెల్లవారుజామున అట్లాంటిస్ దిగాక ఆ మనుషుల్లో వేలమంది ఉద్యోగాలు పోయాయి. కెనెడీ పక్కనున్న టైటస్‌విల్ లాంటి ఊళ్లు బతికిందే ఆ పనిమీద.

నా బాధంతా ఇక్కడే. పాత వాహనాన్ని ఆపే నాటికి కొత్తది సిద్ధంగా ఉండాలి. ఆపుతామని ఏడేళ్ల ముందే చెప్పి కూడా ఆ పని చేయలేకపోయారు. తర్వాత దాదాపు తొమ్మిదేళ్లపాటు అమెరికా తన మనుషుల్ని తన నేలమీంచి కక్ష్యలోకి పంపలేకపోయింది. సోయుజ్‌లో ఒక్కో సీటుకి కోట్ల డాలర్లు పోసింది. 2020 మే 30న స్పేస్‌ఎక్స్ క్రూ డ్రాగన్ ఎగిరితే గానీ ఆ కరువు తీరలేదు. అందులో వెళ్లిన ఇద్దరిలో ఒకరు ఆ డగ్ హర్లీయే. అట్లాంటిస్ సిబ్బంది స్టేషన్‌లో వదిలిపెట్టిన జెండాని ఆయనే వెనక్కి తెచ్చాడు.

షటిల్ చేసిన మేలు కూడా తక్కువది కాదు. హబుల్ టెలిస్కోప్‌ని 1990లో పైకి తీసుకెళ్లింది, దాని చూపు మసకబారి ఉందని తేలితే 1993లో మనుషుల్ని పంపి బాగు చేయించింది. స్పేస్ స్టేషన్‌ని భాగాలుగా మోసుకెళ్లి కట్టింది. అంత పెద్ద సరుకుతోపాటు దాన్ని బిగించే మనుషుల్నీ ఒకేసారి తీసుకెళ్లే వాహనం ఇవాళ్టికీ ఇంకొకటి రాలేదు.

[దృశ్యం: 2022 నవంబర్, ఆర్టెమిస్ 1 ప్రయోగం.]

ఆర్టెమిస్ అంటే అమెరికా మళ్లీ చంద్రుడి వైపు వెళ్లే కార్యక్రమం. ఈ రాకెట్ కింద మండుతున్న నాలుగు ఇంజిన్లు షటిల్ మీద ఎగిరినవే. అప్పట్లో ప్రతి యాత్ర తర్వాతా వాటిని విప్పి, పరీక్షించి, మళ్లీ బిగించేవారు. ఆర్టెమిస్‌లో ఒక్కసారి వాడాక రాకెట్ మొదటి దశతోపాటే సముద్రంలో పడిపోయాయి.