గల్లాపెట్టె కింద దొరికిన ఫారం

సమన్వయకర్త: వర్తకుల సర్వే అనగానే ఎన్ని ఫారాలు తిరిగొచ్చాయన్నదే మొదటి ప్రశ్న. తపాలా, ఫోను, ఆన్‌లైన్, ఇంకా మనిషిని పంపడం. పర్యవేక్షకులుగా మీ మొగ్గు దేనివైపు?

క్షేత్ర పర్యవేక్షకుడు: ఫారం చేతికిచ్చి వారం తర్వాత వెళ్లి తెచ్చుకోవడం. తపాలాలో పంపింది బిల్లుల కట్టలో కలిసిపోతుంది. చేతికిచ్చినా భద్రంగా ఉంటుందనుకోకండి. ఒకసారి వెళ్తే గల్లాపెట్టె కింద దొరికింది. వెనకవైపు ఎవరెవరి బాకీలో కూడికలు, ముందువైపు ఒక్క గడీ నింపలేదు. అక్కడే నిలబడి నింపించుకున్నాను.

వర్తక ప్రతినిధి: నిలబడి అడిగితే అమ్మకాల సంగతి నిజం చెబుతామా అండీ? పక్కన కొనేవాళ్లుంటారు, ఎదుట పోటీ దుకాణం. ఆన్‌లైన్‌ అయితే గుట్టుగానే ఉంటుంది. కానీ సగం నింపేసరికి ఎవరో వస్తారు, వాళ్లను పంపి చూస్తే పేజీ మళ్లీ మొదటికొస్తుంది.

గణాంక నిపుణురాలు: నింపినంతవరకు దాచుకునే వీలుంటే ఆ బాధ తీరుతుంది. ఫోనులో మరో తంటా. ఖాతా పుస్తకం తీయకుండా ఉజ్జాయింపుగా ఏదో అంకె చెప్పేస్తారు. పనివాళ్లు ఎంతమంది అని అడగడానికైతే ఫోను చాలు. నా పేచీ అసలు రాని ఫారాల గురించి. గుమాస్తా ఉన్న దుకాణం పంపుతుంది. యజమానే తూకం వేసి, తనే చిల్లర ఇచ్చే చోటు నుంచి రాదు.

సమన్వయకర్త: రానివాళ్లందరి దగ్గరకూ మనుషులను పంపితే ఖర్చు తట్టుకోగలమా?

నిపుణురాలు: అందరి దగ్గరకూ అక్కరలేదు. 1946లోనే హాన్సెన్, హర్విట్జ్ అనే అమెరికా గణాంక నిపుణులు దారి చూపారు. 1,000 ఫారాలు పంపితే 400 వచ్చాయనుకోండి. మిగిలిన 600లో లాటరీ తీసి 100 దుకాణాలకే వెళ్లాలి. వాటిలో ఒక్కొక్కటీ ఆరింటికి లెక్క. తపాలాలో వచ్చినవాటి సగటు 5గురు పనివాళ్లు, వెళ్లి చూసినవాటి సగటు ఇద్దరు అయితే, అసలు సగటు 3.2. రెండు కట్టలూ ఊరికే కలిపేస్తే 4.4 వస్తుంది. చాలామంది చేసే పొరపాటు అదే.

పర్యవేక్షకుడు: లాటరీలో వచ్చిన దుకాణానికి తాళం ఉంటే పక్కదానికి వెళ్లొచ్చా? మా కుర్రాళ్లు వెళ్లిపోతుంటారు.

నిపుణురాలు: వెళ్లకూడదు. మరో పూట, మరో రోజు అదే తలుపు తట్టాలి. ఎప్పుడూ తెరిచి ఉండే దుకాణాలనే లెక్కిస్తే మళ్లీ మొదటి తప్పులోకే వెళ్తాం.

ప్రతినిధి: తట్టండి, రద్దీ వేళ మాత్రం వద్దు. అమ్మకాల ప్రశ్న ఒక్కటీ విడి కాగితం మీద వేసి, అంటించే కవరు ఇవ్వండి.

సమన్వయకర్త: అంటే మనిషీ రావాలి, కవరూ కావాలి?

ప్రతినిధి: మనిషి రాకపోతే ఆ కవరు కూడా గల్లాపెట్టె కిందికే పోతుంది కదండీ.