వెర్సాయ్ ప్యాలెస్ రివ్యూ: అద్దాల కన్నా నాకు నీళ్ళ కథే నచ్చింది

హాయ్ అండీ, నమస్తే! వెనకాల హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి, దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి డాబా మీద కూర్చుని ఈ రివ్యూ చేస్తున్నా. ప్యారిస్‌లో మాస్టర్స్ చేస్తున్నావు కదా, దగ్గర్లోనే ఉన్న ఫ్రెంచ్ రాజుల పాత ప్యాలెస్ వెర్సాయ్ చూశావా, ఎలా ఉంది అని అందరూ అడుగుతూనే ఉన్నారు, సెలవులకి వచ్చాను కదా, ఇప్పటికి కుదిరింది.

ముందు నా తెలివి గురించి చెప్పేస్తా. మొదటిసారి సోమవారం వెళ్ళాను. సోమవారం మూసేస్తారు. మన సాలార్‌జంగ్‌కి, చౌమహల్లాకి శుక్రవారం సెలవున్నట్టే. గేటు ముందు ఒక సెల్ఫీ దిగి వచ్చేశా. ట్రైన్ ఎక్కేటప్పుడు బోర్డు మీద 'వెర్సాయ్ షాతో రివ్ గోష్' అని ఉందో లేదో చూసుకోండి, వెర్సాయ్ పేరుతో వేరే స్టేషన్లు కూడా ఉన్నాయి. ఫ్రాన్స్‌లో ఉంటూ చదువుకుంటున్న 26 ఏళ్ళలోపు వాళ్ళకి ప్యాలెస్ ఉచితం, నివాస కార్డు దగ్గర పెట్టుకోండి. ఫౌంటెన్లు ఆడించే రోజుల్లో మాత్రం తోటకి విడిగా టికెట్.

ఇక అద్దాల హాల్. 73 మీటర్ల పొడవు, 17 ఆర్చీలు, 357 అద్దాలు. జనం ఎలా ఉన్నారంటే బోనాలప్పుడు లాల్‌దర్వాజా సందులో నడిచినట్టే, చౌమహల్లాలో షాండ్లియర్ల కింద తీరిగ్గా తలెత్తి చూసినట్టు ఇక్కడ కుదరదు. నేనైతే గోడ పక్కకి జరిగిపోయా. దూరం నుంచి ఒక్కో ఆర్చీలో ఒకే పెద్ద అద్దం ఉన్నట్టుంటుందా, దగ్గరికెళ్తే 21 ముక్కలు! ఆ రోజుల్లో అంత పెద్ద అద్దం చేయడం రాదు, ముక్కలు అతికించి మేనేజ్ చేశారన్నమాట. పాత ముక్కల్లో మొహం మా అమ్మమ్మ బీరువా అద్దంలో లాగే కాస్త మసకగా కనిపిస్తుంది. అన్నట్టు సోషల్ పరీక్షకి వెర్సైల్స్ సంధి, 1919 అని బట్టీ పట్టామే, సంతకాలు పెట్టింది ఈ హాల్లోనే.

మిగతా గదులన్నీ బంగారం, పరుపులు, మళ్ళీ బంగారం. నాలుగో గదికి నాకు బోర్ కొట్టింది.

తోట మాత్రం వేరే లెవెల్. 14వ లూయీ రాజు ఇన్ని ఫౌంటెన్లు కట్టించాడు గానీ అన్నీ ఒకేసారి ఆడించడానికి నీళ్ళు చాల్లేదు. సీన్ నది నుంచి తోడటానికి మార్లీ అనే చోట 14 పెద్ద చక్రాల యంత్రం పెట్టించినా చాల్లేదు! అందుకని రాజుగారు వాకింగ్‌కి వస్తుంటే పనివాళ్ళు ఒకరికొకరు ఈల వేసుకుంటూ, ఆయన ముందున్న ఫౌంటెన్ విప్పడం, దాటగానే వెనకది కట్టెయ్యడం. ఇది తెలిశాక అక్కడే గట్టిగా నవ్వేశా, పక్కన ఫ్రెంచ్ ఆవిడ నన్ను అదోలా చూసింది. ఆవిడకేం తెలుసు, మా కాలనీలో నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, ట్యాంకు పొంగగానే మా అమ్మ కింద నుంచి 'మోటర్ కట్టెయ్‌రా' అని అరుస్తుంది. సేమ్ సిస్టమ్ అండీ, ఈలకి బదులు అమ్మ.

ప్యాలెస్‌కి పదికి ఏడు, తోటకి తొమ్మిది. మీరు వెళ్తే లోపల గంటన్నర చాలు, మిగతా టైమంతా బయటే తిరగండి, మంచి బూట్లు వేసుకోండి. ఇంకా... ఆఁ, వస్తున్నానమ్మా! ట్యాంకు నిండినట్టుంది, కట్టేసొస్తా.