ఒక తేదీకి ఎంతమంది చుట్టాలు

అందరికీ నమస్కారం. డిసెంబరులో, అదీ ఆదివారం పొద్దున, చెన్నై మైలాపూరులో తెలుగు సభ పెడితే ఎవరొస్తారని మా కార్యదర్శి గారికి నిన్నటిదాకా ఒకటే టెన్షన్. ఈ నెలలో ఇక్కడ సభ అంటే సంగీత సభే కదా. ఒకపక్క కచేరీ, దానికన్నా గట్టిగా పిలిచే క్యాంటీను పొంగలి. రెండింటినీ కాదని వచ్చారు కాబట్టి మీ టైము ఎక్కువ తినను.

నన్ను మాట్లాడమన్న విషయం 'చరిత్రలో ఈ రోజు'. రేపు డిసెంబరు 15 కాబట్టి ఆ తేదీనే తీసుకున్నాను. పొద్దున్నే ఫోన్లో దణ్ణం పెడుతున్న బొమ్మతోపాటు వచ్చే జాబితా మీకూ వస్తూనే ఉంటుంది. డిసెంబరు 15 జాబితా ఇలా ఉంటుంది: 1832లో ఈఫిల్ టవర్ కట్టించిన గుస్తావ్ ఈఫిల్ పుట్టాడు. 1840లో నెపోలియన్ భౌతికకాయాన్ని పారిస్‌లో గొప్ప ఊరేగింపుగా తీసుకెళ్లారు. 1966లో వాల్ట్ డిస్నీ పోయాడు. 1970లో రష్యావాళ్ల వెనెరా-7 శుక్రగ్రహం మీద దిగి, ఆ నిప్పులకొలిమిలోంచి ఇరవై మూడు నిమిషాలపాటు సంకేతాలు పంపింది. మన బాపు గారు 1933లో నరసాపురంలో పుట్టిందీ ఈ తేదీనే.

బాగానే ఉంది. కానీ చదివాక ఏం చెయ్యాలి? పెళ్లిలో ఒకే బంతిలో పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన చుట్టాలైపోరు కదా. ఈఫిల్‌కీ, డిస్నీకీ, బాపుకీ కలిపి వడ్డించింది క్యాలెండరు, అంతే.

ఇలా కలవడం వింతేమీ కాదని లెక్కలవాళ్లు ఎప్పుడో తేల్చారు. ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, వాళ్లలో ఏ ఇద్దరికైనా పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే. నమ్మబుద్ధి కాదు. ఏడాదికి 365 రోజులుంటే 23 మందికే ఎలా అనిపిస్తుంది. కానీ 23 మందిని ఇద్దరిద్దరుగా జత కట్టి చూడండి, 253 జతలవుతాయి. మనం ఈ హాల్లో యాభై మందికి తక్కువ లేం. యాభై మందికి ఆ అవకాశం నూటికి 97. కాఫీ టైములో అడిగి చూసుకోండి.

అయితే ఒక ఇబ్బంది ఉంది. ఇక్కడున్న పెద్దవాళ్లలో సగం మంది జులై 1 అంటారు. (నవ్వుతున్నారంటే మీరూ ఆ బాపతే అన్నమాట.) మమ్మల్ని బడిలో వేసిన రోజున 'పిల్లాడు ఎప్పుడు పుట్టాడు' అని మాస్టారు అడిగితే, 'పెద్ద తుఫాను వచ్చిన ఏడాది, వినాయక చవితి వెళ్లిన నాలుగో రోజు' అని మా నాయనమ్మ చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి జులై 1 అని రాసుకున్నారు. ఆ తేదీతోనే ఉద్యోగం చేశాను, ఆ తేదీకే రిటైరయ్యాను. ఇలా రాసిపెట్టిన తేదీలు కలవడం యాదృచ్ఛికం కాదు, మాస్టారి చేతివాటం.

దేశాలకూ ఇలాంటి మాస్టార్లుంటారు. మన రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబరు 26న. అమల్లోకి తేవడానికి రెండు నెలలు ఆగి జనవరి 26 ఎంచుకున్నారు, ఎందుకంటే 1930లో పూర్ణ స్వరాజ్య దినం జరుపుకున్నది ఆ రోజున. ఆగస్టు 15ను మౌంట్‌బాటెన్ ఎంచుకున్నదీ 1945లో జపాన్ లొంగిపోయిన రోజని. ఇవి కావాలని కలిపిన తేదీలు. కాబట్టి ఎవరైనా 'చూశారా, ఒకే తేదీ!' అన్నప్పుడు నేను మొదట అడిగేది ఒకటే: ఎవరన్నా కలిపారా, వాటంతటవే కలిశాయా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నన్ను వదలని డిసెంబరు 15లు రెండున్నాయి.

1950 డిసెంబరు 15 ఉదయం బొంబాయిలో సర్దార్ పటేల్ కన్నుమూశారు. సరిగ్గా రెండేళ్లకు, 1952 డిసెంబరు 15 రాత్రి, ఇక్కడికి దగ్గర్లోనే, రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో పొట్టి శ్రీరాములు ప్రాణం విడిచారు. ఆంధ్ర రాష్ట్రం కోసం అక్టోబరు 19న మొదలుపెట్టిన నిరాహార దీక్షకు అది యాభై ఎనిమిదో రోజు. ఆయన వయసు యాభై ఒకటి.

ఈ రెండూ ఒకే తేదీన పడడం యాదృచ్ఛికమే. ఆ మనుషులిద్దరి మధ్యా ఉన్నది మాత్రం యాదృచ్ఛికం కాదు. 1948 డిసెంబరులో జైపూర్ కాంగ్రెసులో భాషారాష్ట్రాల సంగతి తేల్చమని ముగ్గురితో ఒక కమిటీ వేశారు. జవహర్‌లాల్, వల్లభ్‌భాయ్, పట్టాభి. మూడు పేర్ల మొదటి అక్షరాలూ కలిపి జేవీపీ కమిటీ అన్నారు. మూడోవారు మన బందరు పట్టాభి సీతారామయ్య గారే. 1949 ఏప్రిల్‌లో వాళ్లిచ్చిన నివేదిక భాషారాష్ట్రాలకు ఇది సమయం కాదంది. ఆంధ్ర విషయం మాత్రం కొంచెం వేరు, మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే చూడవచ్చు అంది. ఈ ఊళ్లో బతుకుతున్న తెలుగువాళ్లకు ఆ షరతు ఎలా వినిపించి ఉంటుందో మీకు నేను చెప్పాలా?

పటేల్‌ను ఇందులో విలన్ని చెయ్యడం నాకిష్టం లేదు. ఐదొందలకు పైగా సంస్థానాలను ఒక్క గొడుగు కిందికి తెచ్చి ఇంకా ఊపిరి తీసుకోని మనిషి ఆయన. దేశం విడిపోయిన గాయం పచ్చిగా ఉండగానే మళ్లీ గీతలు గీద్దామంటే భయపడ్డారు. శ్రీరాములు గారు మాత్రం ఎవరు? గాంధీగారి మనిషే. జార్జిటౌనులో పుట్టి, బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు చదివి, అక్కడే రైల్వేలో ఉద్యోగం చేసి, భార్య పోయాక అన్నీ వదులుకుని సబర్మతి ఆశ్రమానికి వెళ్లినవాడు. నెల్లూరులో హరిజనుల ఆలయప్రవేశం కోసమూ దీక్ష చేశారు. అంటే ఒకే గురువు శిష్యులిద్దరు. ఒకరు ఐక్యత కోసం ఆగమన్నారు, ఇంకొకరు ఆగలేక గురువు నేర్పిన ఆయుధాన్నే పట్టారు. ఈ మాట ఏ 'ఈ రోజు' జాబితాలోనూ ఉండదు. రెండు పేర్లూ రెండు వరసల్లో, మధ్యలో డిస్నీ.

ఆ తర్వాత జరిగింది మీకు తెలిసిందే. ఆంధ్ర జిల్లాలు అట్టుడికాయి, కాల్పుల్లో మనుషులు పోయారు. నాలుగు రోజులకు, డిసెంబరు 19న, నెహ్రూ పార్లమెంటులో ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు, మద్రాసు నగరం లేకుండా. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. మనం ఇక్కడే ఉండిపోయాం.

ఇంకొకాయన గురించి చెప్పకుండా ఉండలేను. లుద్విక్ జామెన్‌హోఫ్, పోలండ్‌లోని బియాలిస్టాక్‌లో 1859 డిసెంబరు 15న పుట్టిన కంటి డాక్టరు. ఆ ఊళ్లో రష్యన్, పోలిష్, యిద్దిష్, జర్మన్ మాట్లాడేవాళ్లు ఒకరికొకరు పడేవారు కాదు. ఎవరి సొంతమూ కాని భాష ఒకటుంటే ఈ తగాదా ఉండదనుకుని ఎస్పరాంటో తయారుచేసి 1887లో పుస్తకం వేశాడు. భాష కోసం రాష్ట్రం కావాలన్న మనిషి పోయిన తేదీన, అందరికీ ఒకే భాష కావాలన్న మనిషి పుట్టాడు. భలే కుదిరింది అని నేనూ మురిసిపోయాను.

తీరా చూస్తే ఆయన పుట్టిన రోజున ఆ ఊళ్లో తేదీ డిసెంబరు 3! బియాలిస్టాక్ అప్పుడు రష్యా సామ్రాజ్యంలో ఉండేది. రష్యా పాత జూలియన్ క్యాలెండరే వాడేది, అది పన్నెండు రోజులు వెనక. వాళ్లు 1918లో గాని మారలేదు. ఆ ఏడాది జనవరి 31 తర్వాత తెల్లవారితే ఫిబ్రవరి 14. ఇంగ్లండు కూడా 1752 దాకా పాత లెక్కలోనే ఉంది. అంటే ఏటా ఆగస్టు 22న ఊరు పుట్టినరోజని మనం జరుపుకునే మద్రాసు డే, 1639 నాటి ఆ తేదీ ఇంగ్లీషువాళ్లు రాసుకున్నదైతే, నేటి లెక్కలో సెప్టెంబరు 1 అవుతుంది. ఆ తేదీ జులైదా ఆగస్టుదా అన్న గొడవ ఎటూ ఉంది. అందులోకి దిగితే ఇవాళ మనకు భోజనాలుండవు.

మన చుట్టూనే మూడు లెక్కలు నడుస్తుంటాయి. మా నాన్నగారి ఫోటో కింద ఇంగ్లీషు తేదీ రాసి ఉంటుంది, తద్దినం తిథికి పెడతాం. రెండూ కలిసిన ఏడాది ఒకటో రెండో. మా ఎదురింటి అరవ మామి గారికి ఈ ఇబ్బంది లేదు. వాళ్లది సూర్యుడి లెక్క కాబట్టి మార్గళి నెల ముగ్గు ఏటా దాదాపు అదే తేదీకి పడుతుంది. 'మీ ఉగాది ఎందుకమ్మా అలా తిరుగుతుంది' అని నన్ను ప్రతి ఏడూ అడుగుతుంది.

రోజు ఎక్కడ మొదలవుతుందన్నదీ ఒప్పందమే. శ్రీరాములు గారు పోయింది 15 రాత్రి పొద్దుపోయాక. కొందరు 16 అని రాస్తారు. అర్ధరాత్రికి తేదీ మార్చే గడియారానికి అది పెద్ద సంగతి. సూర్యోదయంతో రోజు మొదలుపెట్టే మన ముసలమ్మలకు తెల్లారేదాకా అది ఒకటే రాత్రి.

అందుకే నేనిప్పుడు తేదీ కన్నా సంవత్సరాన్ని పక్కన పెట్టుకుని చదువుతున్నాను. 1952 తీయండి. ఆ ఫిబ్రవరి 21న ఢాకాలో బెంగాలీ భాష కోసం ఊరేగిన విద్యార్థులను కాల్చి చంపారు. పది నెలలు తిరక్కుండా మన రాయపేట హైరోడ్డులో ఇది. తేదీ ప్రకారం పేర్చిన జాబితా శ్రీరాములు పక్కన ఈఫిల్‌ను కూర్చోబెడుతుంది, ఏడాది ప్రకారం పేరిస్తే ఢాకా పిల్లలు వచ్చి కూర్చుంటారు. ఆ బంతిలో కూర్చున్నవాళ్లు చుట్టాలే.

సాంబమూర్తి గారి ఇల్లు ఇప్పుడు స్మారక భవనం, 126 నంబరు. రేపు దండలు, ఫోటోలు, మైకులు ఉంటాయి. నాకు జనం లేనప్పుడు చూడడం ఇష్టం. కాఫీ తాగి నలుగురైదుగురం అటు నడుస్తున్నాం. వచ్చేవాళ్లు ఎండ ఎక్కకముందే చెప్పులు తొడుక్కోండి.